చదరంగంలో ఓపెనింగ్: ఆరో ఎత్తులో బయల్దేరిన ఒక బంటు కథ

పిల్లల చదరంగం పోటీ జరిగే హాల్లో మొదటి పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చున్నా ఒక సంగతి తెలిసిపోతుంది. గడియారం మీటలు వడగళ్లు పడ్డట్టు టకటకా మోగుతాయి. పావు జరపడం, మీట నొక్కడం, కాగితం మీద ఎత్తు రాసుకోవడం అన్నీ చకచకా సాగిపోతాయి. పావుగంట దాటాక ఆ చప్పుడు ఒక్కో బల్ల దగ్గరా ఆగిపోతుంది. అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చుని కాళ్లూపుతున్న పిల్లవాడు రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని బల్ల మీదకు వంగుతాడు. జంషెడ్‌పూర్ అయినా విజయవాడ అయినా ఈ తీరు ఒక్కటే. మీటల చప్పుడు ఆగిన చోట జ్ఞాపకం అయిపోయి ఆలోచన మొదలైందన్నమాట.

ఆట తొలి దశను ఓపెనింగ్ అంటారు. సాధారణంగా మొదటి పది, పదిహేను ఎత్తులు ఇందులోకి వస్తాయి. పిల్లల పోటీల్లో ఈ దశ ఇంట్లో నేర్చుకొచ్చిన పాఠం అప్పజెప్పినట్టే ఉంటుంది. ఎవరెక్కువ ఎత్తులు గుర్తుపెట్టుకుంటే వారే గెలుస్తారని తల్లిదండ్రులే కాదు, కొందరు శిక్షకులు కూడా అనుకుంటారు. నిజంగా అంతేనా? జంషెడ్‌పూర్ పేరుతో ముడిపడ్డ ఒక పోటీలో పదమూడేళ్ల బాలుడు ఆడిన ఆటను ఎత్తు ఎత్తుగా చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

అంతకన్నా ముందు, మొత్తం బట్టీ పట్టడం ఎందుకు కుదరదో చూద్దాం. ఆట మొదలయ్యేటప్పుడు తెల్ల పావులవారికి సరిగ్గా 20 ఎత్తులు అందుబాటులో ఉంటాయి: ఎనిమిది బంట్లకు రెండేసి, రెండు గుర్రాలకు రెండేసి. నల్లవారికీ అన్నే. అంటే ఇద్దరూ ఒక్కో ఎత్తు వేసేసరికి 400 దారులు. రెండేసి వేసేసరికి 1,97,281. మూడేసి వేసేసరికి 11 కోట్ల 90 లక్షలు దాటిపోతాయి. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1950లో, కంప్యూటర్ చేత చదరంగం ఆడించడం గురించి రాసిన పరిశోధన పత్రంలో, మొత్తం ఆటల సంఖ్యను 1 పక్కన 120 సున్నాలు పెట్టినంతగా అంచనా వేశాడు. ఆ అంకె పెద్దదని అందరికీ తెలుసు. కానీ మూడో ఎత్తుకే లెక్క కోట్లలోకి వెళ్లిపోతుందన్నదే బల్ల ముందు కూర్చున్న పిల్లలకు నిజంగా పనికొచ్చే విషయం. ఎదుటివాడు మన పుస్తకంలో లేని ఎత్తు వేయడానికి ఎక్కువసేపు పట్టదు.

అలాగని ఓపెనింగ్‌లన్నీ గందరగోళం కాదు. ఆ కోట్ల దారుల్లో అర్థవంతమైనవి కొన్నే. వాటిని బెల్‌గ్రేడ్‌లో వెలువడిన ఓపెనింగ్‌ల విజ్ఞాన సర్వస్వం ఎ00 నుంచి ఇ99 వరకు 500 సంకేతాలుగా విభజించింది. గ్రంథాలయంలో పుస్తకాల అరల్లాంటి ఏర్పాటు ఇది. ఇక్కడ చెప్పుకోబోయే ఆట బి19 అరలో ఉంటుంది. ఆ ఓపెనింగ్ పేరు కారో-కాన్.

ఇక జంషెడ్‌పూర్ సంగతి. ఒకప్పటి సాక్చీ గ్రామం దగ్గర 1912లో ఉక్కు తయారీ మొదలైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. ఉక్కు కర్మాగారంలోనూ రైల్వేలోనూ పనికోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. బిష్టుపూర్‌లో తెలుగువాళ్లు కట్టుకున్న రామాలయం కూడా ఉంది. ఫుట్‌బాల్‌కూ విలువిద్యకూ అకాడమీలు నడిపే ఆ నగరం చదరంగం లోకంలోకి మాత్రం చిత్రంగా, సముద్రాలు దాటి ప్రవేశించింది. నెదర్లాండ్స్ సముద్రతీరాన వైక్ ఆన్ జీ అనే చిన్న ఊరుంది. దాని పక్కనే ఉక్కు కర్మాగారం. ఆ కర్మాగారం వాళ్లు 1938లో పొరుగున ఉన్న బెవర్‌వైక్‌లో మొదలుపెట్టిన చదరంగం పోటీ 1968లో ఈ ఊరికి మారింది. మొదట హూగోవెన్స్ అనీ, తర్వాత కోరస్ అనీ కంపెనీ పేరే పోటీకీ ఉండేది. 2007లో టాటా స్టీల్ కోరస్‌ను కొన్నది. 2011 నుంచి పోటీ పేరు టాటా స్టీల్ చెస్. ప్రపంచ స్థాయి ఆటగాళ్లు ఏటా జనవరిలో అక్కడికి చేరతారు. ముగింపు విందులో బఠానీ సూప్ వడ్డించడం ఆ పోటీ ఆనవాయితీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కరువు రోజుల్లో మొదలైన ఆ సూప్‌ను ఇప్పటికీ వదల్లేదు.

ఈ పోటీలో పెద్దవాళ్ల విభాగం కింద పైకి వస్తున్నవారికోసం వేరే విభాగాలుండేవి. 2004 జనవరిలో, పేరింకా కోరస్‌గా ఉన్నప్పుడు, మూడో విభాగంలో నార్వే నుంచి పదమూడేళ్ల మాగ్నస్ కార్ల్‌సన్ ఆడాడు. 13 ఆటల్లో 10.5 పాయింట్లతో ఆ విభాగం గెలిచాడు. అందులో నెదర్లాండ్స్ ఆటగాడు సిప్కే ఎర్న్‌స్ట్‌తో ఆడిన ఆట చదరంగం పాఠాల్లో స్థిరపడిపోయింది. (పద్దెనిమిదేళ్ల తర్వాత, 2022లో, ఇదే పోటీ రెండో విభాగాన్ని వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి గెలిచాడు. అతనికీ 13 ఆటల్లో 10.5 పాయింట్లే రావడం కాకతాళీయం. అంతకు పదేళ్ల ముందు, 2012లో, గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఆ రెండో విభాగం గెలిచాడు.)

పక్కన బల్ల ఉంటే పావులు పేర్చుకుని చదవడం మంచిది. గడుల పేర్లు ఇలా: తెల్లవారి ఎడమ నుంచి కుడికి నిలువు వరసలు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. అడ్డవరసలు తెల్లవారి వైపు నుంచి 1 మొదలుకొని 8 దాకా.

తెల్లవారు ఇ4, అంటే రాజు ముందున్న బంటును రెండు గడులు జరిపారు. నల్లవారు సి6. ఇదే కారో-కాన్. హొరేషియో కారో, మార్కస్ కాన్ అనే ఇద్దరు 1886లో విశ్లేషించి ప్రచురించడంతో ఈ పేరొచ్చింది. సి6 చూడటానికి పిరికి ఎత్తులా ఉంటుంది. దాని ఉద్దేశం తర్వాతి ఎత్తులో తెలుస్తుంది: తెల్లవారు డి4, నల్లవారు డి5. మధ్యలో నిలిచిన తెల్ల బంటును నల్లవారు సవాలు చేశారు. ఆ డి5 బంటుకు సి6 బంటు అండ. ఇదే పనిని ఇ6 బంటుతోనూ చేయవచ్చు, అది ఫ్రెంచ్ డిఫెన్స్. కానీ ఇ6 వేస్తే తెల్లగడుల మీద తిరిగే నల్ల శకటు, అంటే బిషప్, సొంత బంటు వెనకే చిక్కుకుపోతుంది. సి6 వేస్తే దానికి తలుపు తెరిచే ఉంటుంది. కారో-కాన్ అంతా ఈ ఒక్క వాక్యంలో ఉందన్నా తప్పులేదు: మధ్యను ఎదిరించు, కానీ శకటును బయటకు తీసుకెళ్లు.

మూడో ఎత్తులో తెల్లవారు సి3కి గుర్రం తెచ్చారు. నల్లవారు ఇ4లోని బంటును కొట్టారు, గుర్రం దాన్ని తిరిగి కొట్టింది. నాలుగో ఎత్తుగా నల్ల శకటు ఎఫ్5కు దూకింది. తలుపు తెరిచి ఉంచింది ఇందుకే. గుర్రాన్ని బెదిరించింది. గుర్రం జి3కి వెనక్కి వచ్చి శకటునే బెదిరించింది. శకటు జి6కు తగ్గింది.

ఇప్పుడు కథానాయకుడు వస్తున్నాడు. ఆరో ఎత్తులో తెల్లవారు బల్ల చివరన ఉన్న బంటును హెచ్4కు జరిపారు. పెద్ద పావులన్నీ ఇంట్లో ఉండగా అంచు బంటును కదపడం తప్పని మొదటి పాఠంలోనే చెబుతారు కదా! ఇక్కడ కారణం ఉంది. తర్వాత అది హెచ్5కు వస్తే జి6లోని శకటుకు పారిపోయే గడి ఉండదు, చచ్చినట్టే. అందుకే నల్లవారు హెచ్6 వేసి శకటుకు హెచ్7 గడి ఖాళీ చేశారు. రెండువైపులా ఒక్కో గుర్రం కదిలాక ఎనిమిదో ఎత్తులో బంటు హెచ్5కు వచ్చింది, శకటు హెచ్7కు పోయింది. తెల్లవారు తమ శకటును డి3లో నిలిపి మార్పిడి చేసుకున్నారు. శకట్లు రెండూ బల్ల దిగిపోయాయి. వాటికోసం బయల్దేరిన బంటు మాత్రం హెచ్5లోనే ఉండిపోయింది.

బట్టీ పట్టిన పిల్లలకు, అర్థం చేసుకున్న పిల్లలకు తేడా సరిగ్గా ఇక్కడే వస్తుంది. ఆ బంటు అక్కడ ఎందుకుందో అడిగితే మొదటి రకం పిల్లలు 'అది లైన్' అంటారు. రెండో రకం పిల్లలు అది రెండు పనులు చేస్తోందని చెబుతారు. శకటును వేటాడటం అయిపోయింది. రెండోది ఇంకా మిగిలే ఉంది: నల్ల రాజు ఈ వైపు కోట కట్టుకుంటే, అంటే క్యాస్లింగ్ చేస్తే, అతని గుమ్మం ముందు ఈ బంటు కాపు కాసి ఉంటుంది. ఈ వరసలో నల్లవారు చాలామంది రాజును మంత్రి వైపు తీసుకెళ్లడానికి కారణం ఇదే.

ఎర్న్‌స్ట్ పద్నాలుగో ఎత్తులో రాజు వైపే కోట కట్టుకున్నాడు. కార్ల్‌సన్ అప్పటికే మంత్రి వైపు వెళ్లిపోయాడు. రాజులు ఎదురెదురు దిక్కుల్లో ఉంటే ఎవరి దాడి ముందు చేరితే వారిదే ఆట. పదహారో ఎత్తులో తెల్ల గుర్రం ఇ5కు వచ్చి కూర్చుంది. అక్కడి నుంచి దాని చూపు జి6 మీద. మంత్రి ఇ2కు జరిగింది. పదిహేడో ఎత్తులో నల్లవారు సి5 వేసి మధ్యను తెరవబోయారు.

పద్దెనిమిదో ఎత్తులో గుర్రం జి6లోకి దూకింది. ఏనుగును, శకటును ఒకేసారి బెదిరించింది. కానీ ఎఫ్7 బంటు దాన్ని ఊరికే కొట్టేయగలదు. కొట్టింది కూడా. అయితే ఎఫ్7 బంటుకు అప్పటిదాకా ఒక ఉద్యోగం ఉంది: ఇ6లోని బంటును కాయడం. కాపలాదారు ఊరు వదిలాడు. తెల్ల మంత్రి ఇ6 బంటును కొట్టి చెక్ చెప్పింది. రాజు హెచ్8 మూలకు పోయాడు. ఇరవయ్యో ఎత్తులో, ఎనిమిదో ఎత్తు నుంచీ కదలకుండా కూర్చున్న హెచ్5 బంటు జి6ను కొట్టింది.

ఆ ఒక్క కొట్టుడుతో మూడు జరిగాయి. బంటు వెనక హెచ్1లో నిలబడ్డ ఏనుగుకు నిలువు వరస తెరుచుకుంది. రాజుకు హెచ్7 గడి మూసుకుపోయింది, ఎందుకంటే జి6 బంటు దాన్ని కాస్తోంది. అటువైపు ఎఫ్7 కూడా దాని కాపలాలోకి వచ్చింది. నల్లవారు గుర్రాన్ని జి8కి తెచ్చి హెచ్6ను కాచుకున్నారు. తెల్ల శకటు హెచ్6ను కొట్టింది; దాన్ని బంటు కొట్టింది. ఏనుగు హెచ్6ను కొట్టి చెక్ చెప్పింది. దాన్ని గుర్రం కొట్టింది. అలా కొట్టడానికి జి8 నుంచి కదలడంతో ఇ7లోని నల్ల శకటుకు కాపలా పోయింది. మంత్రి దాన్ని కొట్టి, హెచ్7లో ఆటకట్టు చేస్తానని కళ్లెర్రజేసింది. ఆ ఆటకట్టుకు ఆధారం జి6 బంటే. దాన్ని తప్పించడానికి నల్ల గుర్రం ఎఫ్7కు అడ్డం వచ్చింది. అదే బంటు ఆ గుర్రాన్నీ కొట్టింది.

ఇక్కడ లెక్క చూస్తే తెల్లవారికి ఒక ఏనుగు తక్కువ, బంట్లు నాలుగు ఎక్కువ. కాగితం మీద ఇది అంత గొప్ప బేరం కాదు. కానీ నల్ల రాజు చుట్టూ ఒక్క బంటూ లేదు. నల్ల మంత్రి ఎక్కడో ఎ5లో, యుద్ధం ఊరికి అవతల ఉంది. మిగిలిన తెల్ల ఏనుగు జి వరసలోకి వచ్చింది. ఇరవై ఏడో ఎత్తులో రాజు చివరకు ఆ బంటును ఎఫ్7లో స్వయంగా చంపాడు. రెండు ఎత్తుల తర్వాత, సరిగ్గా ఆ ఎఫ్7 గడిలోనే, ఎటూ కదలలేక ఆటకట్టయ్యాడు.

ఆరో ఎత్తులో హెచ్4, ఎనిమిదిలో హెచ్5, ఇరవైలో జి6, ఇరవై నాలుగులో ఎఫ్7. ఆట మొత్తంలో ఈ బంటు కదిలింది నాలుగే సార్లు.

ఇలాంటి ఆటను పదమూడేళ్ల పిల్లవాడు ఎలా చూడగలిగాడు? జ్ఞాపకశక్తి అసాధారణమైతే చాలా? దీన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. చదరంగం ఆడేవారి ఆలోచనపై నెదర్లాండ్స్‌కే చెందిన ఆడ్రియాన్ డి గ్రూట్ 1940ల్లో చేసిన పని దీనికి మొదలు. గొప్ప ఆటగాళ్లు మామూలు మంచి ఆటగాళ్లకన్నా మరీ ఎక్కువ ఎత్తులు ముందుకు చూడటం లేదని ఆయన గమనించాడు. వాళ్లు చూడవలసిన ఎత్తులను తొందరగా పట్టుకుంటున్నారు, అంతే. 1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ దీన్ని మరో అడుగు ముందుకు తీసుకెళ్లారు. బల్లను 5 సెకన్లు చూపించి మూసేసి, పావులను తిరిగి పేర్చమన్నారు. నిజమైన ఆటలోంచి తీసిన స్థితి అయితే మాస్టర్ సుమారు 16 పావులను సరిగా పెట్టగలిగాడు, కొత్త ఆటగాడు నాలుగింటిని. అవే పావులను ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే మాస్టర్ కూడా కొత్తవాడి స్థాయికి పడిపోయాడు. ఆ ప్రయోగంలో పాల్గొన్నది ముగ్గురే కావడం గుర్తుంచుకోవాలి. తర్వాతి ప్రయోగాల్లో చెదిరిన పావుల విషయంలోనూ మాస్టర్లకు కొద్దిపాటి మొగ్గు కనిపించింది. అయినా ప్రధాన ఫలితం నిలబడింది. మాస్టర్ బుర్రలో ఉన్నది ఫొటో కాదు. కోట కట్టుకున్న రాజు, ముందు మూడు బంట్లు, పక్కన గుర్రం, ఇదంతా అతనికి ఒకే ముద్ద. తెలుగు చదవగలిగినవారికి 'రామాలయం' అనే మాట విడి అక్షరాలుగా కాక ఒకే మాటగా కనబడినట్టు. అక్షరాలు తారుమారు చేసి 'యంలరామా' అని రాస్తే ఆ సౌకర్యం పోతుంది.

అర్థం తెలియని బట్టీ ఎలా బోల్తా కొట్టిస్తుందో చూపడానికి ఇదే కారో-కాన్‌లో ఒక చిన్న గుంట ఉంది. పిల్లల పోటీలకు వెళ్లేవారు తెలుసుకుని తీరాలి. నాలుగో ఎత్తులో శకటును ఎఫ్5కు పంపకుండా, నల్లవారు గుర్రాన్ని డి7కు తెస్తారనుకుందాం. ఇదీ మంచి ఎత్తే, పేరున్న వరసే. తర్వాత రెండో గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి తెల్ల గుర్రాన్ని బెదిరించడం పద్ధతి. కానీ తెల్లవారు ఐదో ఎత్తుగా మంత్రిని ఇ2కు తెస్తే? బట్టీ పట్టిన చెయ్యి ఆగదు, గుర్రం ఎఫ్6కు వెళ్తుంది. ఆరో ఎత్తు, తెల్ల గుర్రం డి6లో దూకి చెక్. ఇ7 బంటు దాన్ని కొట్టవచ్చు కదా అనిపిస్తుంది. కొట్టలేదు. అది పక్కకు జరిగితే ఇ2 మంత్రి చూపు నేరుగా రాజు మీద పడుతుంది. రాజు చుట్టూ ఉన్నవన్నీ సొంత పావులే, కదలడానికి గడి లేదు. ఆరు ఎత్తుల్లో ఆటకట్టు. 1935లో అప్పటి ప్రపంచ స్థాయి దిగ్గజం అలెఖిన్ స్పెయిన్‌లోని పాల్మాలో, కలిసి సంప్రదించుకుంటూ ఆడిన నలుగురిని ఇలాగే ఓడించాడు. నాలుగు బుర్రలూ అలవాటైన ఎత్తునే నమ్ముకున్నాయి. మంత్రి ఇ2కు రావడం తెల్లవారి సొంత శకటుకే దారి మూసే వికారమైన ఎత్తు. అంత వికారమైన ఎత్తు ఎందుకు వేశారని అడిగి ఉంటే గుంట కనబడేది.

కంప్యూటర్లు వచ్చాక ఈ చర్చ మరో మలుపు తిరిగింది. ఇప్పుడు ఏ పిల్లవాడి ఫోన్లోనైనా ప్రపంచ చాంపియన్‌ను ఓడించగల స్టాక్‌ఫిష్ ఉచితంగా దొరుకుతుంది. ఏ ఎత్తు మంచిదో అది అంకెల్లో చెబుతుంది. ఎందుకు మంచిదో మాత్రం చెప్పదు. 2017 డిసెంబరులో డీప్‌మైండ్ సంస్థ ప్రకటించిన ఆల్ఫాజీరోకు అసలు ఓపెనింగ్ పుస్తకమే ఇవ్వలేదు. నియమాలు మాత్రమే తెలిసిన ఆ ప్రోగ్రామ్ తనతో తాను 4 కోట్ల 40 లక్షల ఆటలాడి నేర్చుకుంది. మనుషులు శతాబ్దాలుగా పోగుచేసుకున్న ఓపెనింగ్‌లను అది తనంతట తాను మళ్లీ కనిపెట్టింది. వాటిలో కారో-కాన్ కూడా ఉంది. శిక్షణ మధ్యలో కొంతకాలం దాన్ని ఇష్టంగా ఆడి, తర్వాత తగ్గించుకుంది. అంత మాత్రాన కారో-కాన్ చెడ్డదని అనుకోనక్కర్లేదు. మనుషుల పోటీల్లో, ముఖ్యంగా పిల్లల పోటీల్లో, అది ఇప్పటికీ గట్టి కోటే.

మంచి శిక్షకులు దీనికి చేసే ఏర్పాటు చాలా సాదాగా ఉంటుంది. ఒక్కో ఎత్తు దగ్గర ఆపి, 'ఇది వేయకపోతే ఏమవుతుంది' అని అడుగుతారు. హెచ్6 వేయకపోతే? శకటు చిక్కుతుంది. సి6 బదులు ఇ6 వేస్తే? శకటు బయటకు రాదు. మూడో ఎత్తులో తెల్లవారు గుర్రం తేకుండా బంటును ఇ5కు తోసేస్తే? అప్పుడూ శకటుకు ఎఫ్5 తలుపు తెరిచే ఉంటుంది. జవాబులు తెలిసిన పిల్లవాడికి వరస పొరపాటున మరిచిపోయినా బల్ల మీదే దాన్ని తిరిగి కట్టుకోవడం సాధ్యమవుతుంది. దీనికి సమయం ఎక్కువ పడుతుంది. పదిహేను ఎత్తుల బట్టీకి పట్టే వ్యవధిలో ఐదు ఎత్తులే పూర్తవుతాయి. వచ్చే ఆదివారం పోటీ ఉన్న తల్లిదండ్రులకు ఇది నచ్చజెప్పడం కష్టం.

పెద్ద పోటీల్లో ఆట ముగిశాక ఇద్దరూ తాము రాసుకున్న ఎత్తుల కాగితాల మీద సంతకాలు చేస్తారు. ఆ తర్వాత పక్కగదిలో ఖాళీ బల్ల దొరికితే ఓడినవాడూ గెలిచినవాడూ మళ్లీ పావులు పేర్చుకుంటారు. మొదటి ఎత్తులు చకచకా వేసేస్తారు. ఎవరి జ్ఞాపకం ముందు ఆగిపోయిందో అక్కడికి రాగానే ఒకరు చెయ్యెత్తి ఆపుతారు, 'ఇక్కడ నువ్వేం చూశావు?' అని అడగడానికి.